నవ్వించే మనిషికి విశ్వాసం ఎలా నిలిచింది?

ప్రశ్న: నాన్నగారు పోయాక జరిగిన ఆదరణ కూడికలో ఆయన చెప్పే ఛలోక్తులను తలచుకుని నవ్వినందుకు సంఘ పెద్దలు నన్ను మందలించారు. అమెరికా హాస్యనటుడు స్టీఫెన్ కోల్‌బర్ట్ చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారనీ, భక్తిగల క్రైస్తవుడనీ విన్నాను. అంత దుఃఖంలో ఆయనకు నవ్వు, విశ్వాసం రెండూ ఎలా నిలిచాయి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: విశ్వాసం మొదట నిలవలేదు. 1974 సెప్టెంబరు 11న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం షార్లెట్ నగరం దగ్గర పొగమంచులో కూలి 72 మంది మరణించారు. వారిలో ఆయన తండ్రి, అన్నలు పీటర్, పాల్ ఉన్నారు. 11 మంది సంతానంలో చివరివాడైన స్టీఫెన్‌కు అప్పటికి 10 ఏళ్లు. తల్లీ తానూ మాత్రమే మిగిలిన ఇంట్లో ఆమెను నవ్వించాలని ఆ పిల్లవాడు ప్రయత్నించేవాడు. తన మనసులో కక్ష పేరుకోకపోవడానికి క్యాథలిక్ భక్తురాలైన ఆ తల్లి బతికిన తీరే కారణమని ఆయన తరువాత చెప్పారు.

అయినా కాలేజీ రోజుల్లో ఆయన నాస్తికుడయ్యారు. 22 ఏళ్ల వయసులో, షికాగోలో ఎముకలు కొరికే చలిలో, గిడియన్స్ సంస్థవారొకరు చేతిలో పెట్టిన చిన్న కొత్త నిబంధనను (మన బడుల దగ్గర కూడా పంచేదే, చాలామంది తెరవకుండా దాచేసేదే) తెరిచి, చింతించి తన ఎత్తు మూరెడు పెంచుకోగలవాడెవడన్న కొండమీది ప్రసంగంలోని మాట చదివి, వీధిలోనే నిలబడిపోయారు. నవ్వుతున్న మనిషి అదే క్షణంలో భయపడలేడని ఆయన తరచుగా చెప్పే మాటకు, చింతించవద్దన్న ఆ వాక్యానికి దగ్గరి చుట్టరికం ఉందని నాకు తోస్తుంది.

హాస్యం నేర్చిన సెకండ్ సిటీ నాటకశాలలో, వేదిక మీద జోకు పేలనప్పుడు ఆ అవమానాన్ని కూడా ప్రేమించడం నేర్చుకోవాలని దర్శకుడు ఆయనకు చెప్పారు. ఆ మాట ఒంటబట్టడానికి ఏళ్లు పట్టింది. అన్నిటికంటే ఏది జరగకుండా ఉండవలసిందని తాను కోరుకుంటున్నారో ఆ విషాదాన్నే ప్రేమిస్తున్నానని 2015లో జీక్యూ పత్రికతో అన్నారు. దీనిని అడ్డం పెట్టుకుని, మీ నాన్నగారి మరణం దేవుడిచ్చిన వరమని ఎవరైనా మీకు బోధిస్తే మాత్రం ఒప్పుకోకండి; అది ఆయన తన గురించి తాను చెప్పుకున్న మాట. తల్లిని అప్పుడే పోగొట్టుకున్న టీవీ పాత్రికేయుడు ఆండర్సన్ కూపర్‌తో 2019లో మాట్లాడినప్పుడు, ఆ ప్రమాదం జరగాలని తాను కోరుకోననీ, అయితే బతుకు పట్ల కృతజ్ఞత ఉంటే అందులోని బాధను విడదీసి పక్కన పెట్టలేమనీ, ఆ బాధ వల్లనే ఎదుటివారి దుఃఖం అర్థమవుతుందనీ వివరించారు.

పెద్దల మందలింపును మనసులో పెట్టుకోకండి. వచ్చే ఏడాది జ్ఞాపకార్థ కూడికలో రెండు నిమిషాలు అడిగి తీసుకుని, నాన్నగారి ఛలోక్తి ఒకటి మీరే చెప్పండి.