8 సీపీయూల లాప్‌టాప్‌లో నా కెర్నల్ 16 ఎందుకు చూపిస్తోంది?

మీ సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కోడ్) క్యూఎమ్యూ అనే వర్చువల్ మెషీన్‌లో బాగానే బూట్ అవుతోంది, అసలు లాప్‌టాప్ మీద మాత్రం 16 సీపీయూలు లెక్కపెట్టి, తొమ్మిదో దాన్ని లేపబోయి అక్కడే ఆగిపోతోంది. అంతేగా? ఇదే గొడవ నేనూ పడ్డాను. తప్పు దాదాపుగా ఏసీపీఐలోని (మెషీన్‌లో ఏమేం ఉన్నాయో ఫర్మ్‌వేర్ కెర్నల్‌కి చెప్పే పద్ధతి) ఎంఏడీటీ అనే, సీపీయూల జాబితా ఉండే టేబుల్ చదివే చోటే ఉంటుంది. (టేబుల్ పేరు ఎంఏడీటీ, లోపల సంతకం మాత్రం 'ఏపీఐసీ'. వెతికేటప్పుడు జాగ్రత్త.)

ఆ టేబుల్ హెక్స్ డంప్ (బైట్లను హెక్స్ అంకెల్లో రాసిన రూపం) తీసి చూడండి. నా దాంట్లో ఒక ఎంట్రీ ఇలా ఉంది: 00 08 01 00 01 00 00 00. వరసగా టైపు, పొడవు, ప్రాసెసర్ ఐడీ, ఏపీఐసీ ఐడీ (హార్డ్‌వేర్‌లో ఆ సీపీయూని పిలిచే నంబర్), చివరి నాలుగు బైట్లు ఫ్లాగ్స్. ఫ్లాగ్స్‌లో మొదటి బిట్ 1 ఉంటే సీపీయూ వాడుకోవచ్చు. ఇంకా కిందికెళ్తే 00 08 09 ఎఫ్ఎఫ్ 00 00 00 00. అంటే అక్కడ సీపీయూ లేదు, ఖాళీ ఎంట్రీ మాత్రమే. నేనేమో టైపు 0 కనపడితే చాలు, లెక్క ఒకటి పెంచేశాను.

సరే, మొదటి బిట్ చూడటం మొదలుపెట్టాను. 2019లో వచ్చిన ఏసీపీఐ 6.3లో రెండో బిట్‌కి 'ఆన్‌లైన్ కేపబుల్' అని అర్థం ఇచ్చారు: ఇప్పుడు లేకపోయినా తర్వాత ఆన్ చేయొచ్చు అని. అందుకని రెండు బిట్లూ 0 అయితే ఎంట్రీని వదిలేయమని రాశాను. లాప్‌టాప్ బాగుపడింది, వర్చువల్ మెషీన్‌లో సీపీయూ హాట్‌ప్లగ్ (నడుస్తుండగానే సీపీయూ తగిలించడం) పోయింది! పాత టేబుళ్లలో ఆ రెండో బిట్ రిజర్వ్‌డ్ (ఏ అర్థమూ లేకుండా వదిలేసినది), ఎప్పుడూ 0. తర్వాత తగిలించబోయే సీపీయూకి ఉంచిన చోటు కూడా నా కోడ్‌కి చెత్తలాగే కనపడింది.

దానికి మందుగా టేబుల్ రివిజన్ 5, ఆపైన ఉంటేనే రెండో బిట్‌ని నమ్మమన్నాను. 6.3తో వచ్చిన రివిజన్ అదే మరి. ఇంకో సర్వర్ మీద మళ్లీ అదే జబ్బు, హాట్‌ప్లగ్ లేదు. రివిజన్ చూస్తే 45! టేబుల్ పాడైందనుకుని ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. తీరా చూస్తే 6.2కి వచ్చిన ఎర్రాటా (తప్పులు దిద్దిన) స్పెక్ ఇచ్చిన అంకే అది. 45 అంటే 5 కన్నా ఎక్కువేగా, నా షరతు హాయిగా దాటేసింది.

కాబట్టి ఎంఏడీటీ రివిజన్‌ని పక్కనపెట్టి ఎఫ్ఏడీటీ (ఏసీపీఐలోనే ఇంకో టేబుల్) వెర్షన్ చూడండి. మేజర్ (6.3లో 6) 8వ ఆఫ్‌సెట్‌లో, అంటే టేబుల్ మొదటి నుంచి 8 బైట్ల దూరంలో, మైనర్ (6.3లో 3) 131లో ఉంటుంది. మైనర్‌లో కింది నాలుగు బిట్లే తీసుకోవాలి, పైవి ఎర్రాటావి. 6.3 కన్నా పాతదైతే, మొదటి బిట్ 0 ఉన్న ఎంట్రీకి చోటు ఉంచండి, బూట్‌లో మాత్రం లేపొద్దు. 6.3 గానీ అంతకన్నా కొత్తది గానీ అయితే రెండు బిట్లూ 0 ఉన్నదాన్నే వదిలేయండి.

ఇంకోటి, ప్రతి మార్పుకీ రీబూట్ చేస్తూ కూర్చోకండి. లినక్స్‌లో ఏసీపీఐడంప్ అనే టూల్‌తో టేబుళ్లు ఫైళ్లుగా తీసుకుని, మీ పార్సర్ని (టేబుళ్లు చదివే కోడ్‌ని) మామూలు ప్రోగ్రామ్‌లా వాటి మీద నడపండి. అలా చేసినప్పుడే నాకు ఇంకో బగ్ దొరికింది: ఒక ఫైల్‌లో పొడవు బైట్‌ని కావాలని 0 చేసి ఇచ్చాను, లూప్ ఇక ఆగలేదు. పొడవు 2 కన్నా తక్కువున్నా, టేబుల్ చివర దాటుతున్నా వెంటనే బయటికొచ్చేయాలి.