టీడీఎస్ కోసుకున్నారు సరే, కట్టారా?

ఉద్యోగం వదిలి సొంతంగా ఇంటీరియర్ పనులు చేస్తున్నానని, పన్నుల వ్యవహారం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని అడిగారు. పొదుపు గురించి, బీమా గురించి సలహాలిచ్చేవారు మీకు చాలామంది దొరుకుతారు కాబట్టి వాటి జోలికి పోను. విజయవాడలో కొన్నేళ్లుగా సొంతంగా స్ట్రక్చరల్ డిజైన్లు చేస్తున్నవాడిగా ముందు చెప్పదలచింది ఒక్కటే: మూడు నెలలకొకసారి ఆదాయపు పన్ను పోర్టల్‌లో మన పేరిట జమ అయిన పన్నులు చూపే ఫారం 26ఏఎస్ తెరిచి, మీ బిల్లుల్లో కోసుకున్న టీడీఎస్ (డబ్బిచ్చేవారే ముందుగా పట్టుకొని మన పేరిట ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను) అందులో ఉందో లేదో చూసుకోండి.

2023 సెప్టెంబరులో ఒక బిల్డరుకు రెండు లక్షల బిల్లు ఇచ్చాను. పది శాతం టీడీఎస్ కింద ఇరవై వేలు పట్టుకొని, మిగిలిన 1,80,000 రూపాయలు ఆ నెలలోనే పంపారు. ఆ త్రైమాసికంలో ఎవరి దగ్గర ఎంత టీడీఎస్ కోశారో చూపుతూ బిల్డరు వేయాల్సిన స్టేట్‌మెంటుకు గడువు అక్టోబరు 31. నవంబరులో చూస్తే నా 26ఏఎస్‌లో ఆ పద్దే లేదు. వారి అకౌంటెంటుకు ఫోన్ చేస్తే "అది ఆడిటర్ గారు చూసుకుంటారు సార్" అన్నాడు. ఆడిటరును అడిగితే "పార్టీ డబ్బే కట్టలేదండీ, నేనేం చేయను?" అన్నారు. బిల్డరు మాత్రం నేను ఎప్పుడు ఫోన్ చేసినా సైటులోనే ఉండేవారు. సంక్రాంతి దాటాక, కోసుకున్న పన్ను కట్టకపోతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ పడుతుందని, స్టేట్‌మెంటు ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల చొప్పున రుసుము పడుతుందని లెక్క వేసి ఆయనకే లిఖితపూర్వకంగా పంపాను. ఫిబ్రవరిలో ఇరవై వేలూ 26ఏఎస్‌లో కనిపించాయి. ఆయన పనులు ఇప్పటికీ చేస్తున్నాను. కాకపోతే ముందటి త్రైమాసికపు టీడీఎస్ సర్టిఫికెట్ అయిన ఫారం 16ఏ చేతికి వచ్చాకే తర్వాతి డ్రాయింగులు పంపుతున్నాను.

కోసుకున్నవారు కట్టకపోయినా ఆ పన్నును మన దగ్గర వసూలు చేయకూడదని 1961 ఆదాయపు పన్ను చట్టంలో 205వ సెక్షన్ చెబుతుంది. అయితే రిటర్న్‌ను పరిశీలించే కంప్యూటరుకు ఆ సంగతి పట్టదు. పద్దు లేకపోతే డిమాండ్ నోటీసు పంపుతుంది, ఆ తర్వాత బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకొని జవాబు చెప్పుకోవలసింది మనమే.

మీరు అడిగిన మిగతా విషయాలు దీనికంటే సులువు. ఇంటీరియర్ డెకరేషన్ అదే చట్టంలోని 44ఏడీఏ సెక్షన్ (చిన్న వృత్తి నిపుణులు అంచనా ఆదాయం చూపే పద్ధతి) జాబితాలోని వృత్తే కాబట్టి, వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపి ఐటీఆర్-4 అనే రిటర్న్ వేయవచ్చు, ఖర్చుల పుస్తకాలు రాయనక్కరలేదు. రాబడి 50 లక్షలు దాటకూడదు. నగదు వసూళ్లు ఐదు శాతం లోపైతే 75 లక్షల వరకు అవకాశం ఉంది. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల అంకెలు మారాయి గానీ పద్ధతి అదే. ముందస్తు పన్ను నాలుగు వాయిదాల్లో కాక, మార్చి 15 లోపు ఒకేసారి కడితే చాలు. ఏడాదికి 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ నమోదు కూడా అక్కరలేదు, ఎవరో భయపెట్టారని ముందే తీసుకోకండి.

సగమే చూపాలన్న నియమం మాత్రం లేదు. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలి. అందరూ సగమే చూపుతారని నచ్చజెప్పే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, మీ ఇంటి రుణం దరఖాస్తు మీద మాత్రం వారెవరూ సంతకం చేయరు. మనకు జీతం స్లిప్పు ఉండదు గనుక బ్యాంకువారు గత రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతారు, అందులో మనం చూపిన ఆదాయాన్ని బట్టే రుణం లెక్కగడతారు.