మంచం దిగని పాత్రలతో నవల నడుస్తుందా?

1940ల బ్రిటన్‌లో, క్షయ శానిటోరియంలో కోలుకుంటున్న యువతీయువకుల మీద చారిత్రక నవల రాస్తున్నానని, రోజంతా పడుకునే మనుషులతో కథ ఎలా నడపాలని అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాను. చదువుకునే రోజుల్లో టీబీ వచ్చి తగ్గినవాణ్ణి. అప్పటి నుంచి ఆ జబ్బు గురించిన నవల ఏది కనబడినా వదలను.

వాటిలో నన్ను విసిగించేది ఒకటే. రక్తం పడ్డ రుమాలుకు పేజీలకు పేజీలు, కోలుకోవడానికి మాత్రం "కొన్ని నెలలు గడిచాయి" అని ఒక్క ముక్క. అసలు కథంతా ఆ నెలల్లోనే ఉంది. మందులు మొదలైన కొద్ది వారాలకే నాకు జ్వరం జారింది, ఆకలి విరుచుకుపడింది. ఒంట్లో బాగానే ఉంది, డాక్టరు మాత్రం ఇంకా రోగివేనంటాడు. సాయంత్రం థర్మామీటరు నోట్లో పెట్టుకోవాలంటే పరీక్షా ఫలితాలు చూసుకున్నంత బెరుకు. బరువు తూచే వరుసలో నా ముందున్న కుర్రాడు కిలో పెరిగితే లోలోపల కుళ్ళుకునేవాణ్ణి. మీ పాత్రలకు ఈ చిన్నబుద్ధులు ఇవ్వండి, మంచం మీదే కథ కదులుతుంది. (నా మూత్రం నారింజ రంగుకు తిరిగిన ముచ్చట మాత్రం వాడకండి. అది రిఫాంపిసిన్ మహిమ, 1960ల తర్వాతి మందు.)

ఇక కాలం. నన్నడిగితే 1947 ఎంచుకోండి. క్షయ మీద పనిచేసిన తొలి మందు స్ట్రెప్టోమైసిన్. దాన్ని కనుగొన్నది 1943లో. బ్రిటన్‌కు అందిన మందు బహు కొద్ది. అందుకే 1947లో మొదలైన ఒక ప్రయోగంలో 107 మంది రోగులను చీటీలు తీసినట్లు రెండుగా విడదీశారు. 55 మందికి మందు, 52 మందికి పడక విశ్రాంతి మాత్రమే. అందరూ 15 నుంచి 30 ఏళ్ళ లోపువారే. మందు అందనివారికి తాము ఒక ప్రయోగంలో ఉన్నామన్న సంగతే చెప్పలేదు. ఆరు గంటలకొక సూది, చాలామందికి కళ్ళు తిరిగేవి. ఆరు నెలలు గడిచేసరికి మందు తీసుకున్నవారిలో నలుగురు, తీసుకోనివారిలో 14 మంది చనిపోయారు.

అయితే స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇవ్వడం వల్ల చాలామందిలో క్రిములు దానికి లొంగకుండా పోయాయి. తేరుకుని, బుగ్గలు నిండి, మళ్ళీ క్షీణించినవారున్నారు. ఐసోనియాజిడ్ అనే మరో క్షయ మందు రావడానికి 1952 దాకా ఆగాలి. కోలుకుంటున్నామన్న నమ్మకమే ఒట్టిదయ్యే ఈ మలుపు నవలాకారుడికి కల్పించినా దొరకదు.

మిగతా చికిత్సలను ముట్టుకుని వదిలేయండి. ఛాతీలోకి గాలి ఎక్కించి ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేయడం, పక్కటెముకలు తీసేయడం వంటివి ఒక్కో సన్నివేశానికి చాలు.

కథ ఎవరితో చెప్పించాలన్నదే తేలాలి. నేనైతే సూది పడని వార్డులోని అమ్మాయితో చెప్పిస్తాను. పక్క వార్డులోని స్నేహితురాలు ఎందుకంత త్వరగా లేచి తిరుగుతోందో ఆమెకు అంతుపట్టదు.