‘శేషం’ మంచిదా, చెడ్డదా?

ప్రశ్న: మా అమ్మాయి శుభలేఖలో మా మామగారి పేరు ముందు ‘కీ.శే.’ అని వేస్తామన్నారు ప్రెస్సువాళ్లు. అమరావతి స్తూపం రాళ్లనేమో ‘అవశేషాలు’ అంటాం. మనిషికీ, విరిగిన రాయికీ ఒకే మాటేనా? పెళ్లిపత్రికలో వేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిరభ్యంతరంగా వేయించండమ్మా. కీర్తిశేషుడంటే కీర్తే శేషంగా కలవాడు. మనిషి పోయినా మంచిపేరు ఉందని చెప్పడమది, అందులో అశుభమేమీ లేదు.

శేషం అంటే మిగిలినది, అంతే. మంచీ చెడూ అది ఎవరి శేషమన్నదాన్ని బట్టి వస్తాయి. అప్పు, నిప్పు, పగ – వీటిలో శేషం ఉంచకూడదన్నారు పెద్దలు. ఎంగిలిని ఉచ్ఛిష్టమంటామే, అదీ ‘శేషం’ పుట్టిన ధాతువులోంచి వచ్చిన మాటే. సత్యనారాయణపురంలో మా నాయనమ్మ ఎంగిలి విస్తరి దాటనిచ్చేది కాదు. స్వామికి కట్టి విప్పిన శేషవస్త్రాన్ని మాత్రం కళ్లకద్దుకుని పెట్టెలో దాచుకుంది. ప్రళయంలో అన్నీ పోయినా మిగిలేవాడు కనకనే ఆదిశేషుడికి ఆ పేరు.

ఇక అమరావతి. అక్కడ ‘అవశేషాలు’ అనడానికి నాకు మనసొప్పదు. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే స్తూపం ఉన్న దిబ్బను తవ్వి రాయీ ఇటుకా పట్టుకుపోతున్నారు. ఆ తర్వాత శిల్పాలు కొన్ని మద్రాసుకి, కొన్ని లండనుకి చేరాయి. కాలం మిగిల్చినదాన్ని అవశేషమంటే సరే. మనుషులు చేతులారా పడగొట్టగా మిగిలినదానికీ అదే మాట వాడితే చేసినవాళ్లు కనపడకుండా పోతారు.

భట్టిప్రోలు సంగతి చూడండి. 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపంలో ధాతుపేటికలు, అంటే అస్థికలు దాచిన పెట్టెలు, వెలికితీశాడు. వాటి మీది బ్రాహ్మీ శాసనం లోపల పదిలపరచినదాన్ని బుద్ధుడి ‘శరీరం’ అంటుంది. ఉన్నది చిన్న ఎముక ముక్క కావచ్చు, మిగులు అనలేదు వాళ్లు, శరీరమన్నారు! ఇన్నేళ్లు తెలుగు పాఠం చెప్పిన నాకు ఇంతకంటే గొప్ప గౌరవవాచకం తగల్లేదు.

శుభలేఖలో చోటుంటే ‘కీ.శే.’ అని కుదించకుండా ‘కీర్తిశేషులు’ అని పూర్తిగా వేయించండి. ఈమధ్య చాలామంది ‘లేట్’ అని వేయిస్తున్నారు, అది మాత్రం వద్దు. మామగారి కీర్తి సంగతి అందులో ఎక్కడుంది?