న్యాయదేవతకు గంతలా, కట్లా?

అమ్మలూ,

నీ బొమ్మ అందింది. నాజీల కోర్టుల మీద వ్యంగ్యచిత్రాలు వేస్తానంటే సంతోషమే. కానీ పందిమొహం జడ్జి, బల్ల కింద నోట్ల కట్ట... ఇది ఏ ఊరి కోర్టుకైనా సరిపోతుంది కదా! అక్కడి రోగం లంచం కాదు. పైవాళ్లకు కావలసిన శిక్షకు తగ్గట్టు చట్టాన్నే మార్చేయడం. 1933 ఫిబ్రవరి 27న బెర్లిన్‌లో రైష్‌టాగ్ (జర్మనీ పార్లమెంటు) భవనం తగలబడింది. ఆ రోజుకి ఆ నేరానికి మరణశిక్ష లేదు. మార్చి 29న చట్టం చేసి, పాత తేదీ నుంచే వర్తిస్తుందన్నారు. నిప్పు పెట్టాడని పట్టుకున్న డచ్ కుర్రాడు మారినస్ వాన్ డెర్ లూబ్బె తల తీసింది ఆ చట్టంతోనే. పందిమొహం మానేసి ఆ క్యాలెండర్ గీయి.

నాజీల మీద బొమ్మలు చేసిన జర్మన్ చిత్రకారుడు జాన్ హార్ట్‌ఫీల్డ్ పని ముందు పెట్టుకో. ఆయనకి కుంచె కన్నా కత్తెర మీదే చెయ్యి తిరిగింది. ఫోటోలు కత్తిరించి అతికించేవాడు. 1933 ఏప్రిల్‌లో నాజీ మూక ఇంటి మీదికొస్తే బాల్కనీ దూకి తప్పించుకున్నాడు. ప్రాగ్ చేరి ‘ఏఐజెడ్’ వారపత్రికకు బొమ్మలు చేశాడు. ఆ నవంబరులో వేసిన ఒకదాన్ని చాలాసేపు చూడు. న్యాయదేవత తలంతా దెబ్బలు తిన్న మనిషికి చుట్టినట్టు బ్యాండేజీ. కళ్లకు ఉండాల్సిన గంతలు గాయం కట్లయ్యాయి. మార్చింది అంతే! బొమ్మ కింద, రైష్‌టాగ్ కేసు విచారణలో హిట్లర్ కుడిభుజం గోరింగ్ అన్న మాట: నా దృష్టిలో న్యాయమంటే నెత్తురున్నది. చేవ, జీవం ఉన్నదని ఆయన ఉద్దేశం. హార్ట్‌ఫీల్డ్ ఆ నెత్తురుని నెత్తురుగానే చూపించాడు. నువ్వూ అలాంటి మాట ఒకటి వెతుక్కో. దొరికితే సొంత డైలాగులు రాయకు, వాళ్ల నోటిమాటే చాలు. (నేను ముప్ఫై ఏళ్లు కార్టూన్లు వేశాను. నా మాటలు ఎక్కువై చెడినవే సగం.)

ఇంకో బొమ్మలో అదే కేసులో ముద్దాయి, బల్గేరియా కమ్యూనిస్టు దిమిత్రోవ్ కొండంత, అరుస్తున్న గోరింగ్ గుప్పెడంత. కోర్టులో దిమిత్రోవ్ అడిగే ప్రశ్నలకి గోరింగ్ నిజంగానే ఒళ్లు మరిచి అరిచాడు. సైజు మారిస్తే చాలు, మొహం వికారంగా చేయక్కర్లేదు.

ఒక్కటి మర్చిపోకు, ఆ జడ్జీలు దిమిత్రోవ్‌తో కలిపి నలుగురిని నిర్దోషులని వదిలేశారు. అది దాచి గీస్తే నీ బొమ్మ అబద్ధమవుతుంది. ఆ తీర్పు హిట్లర్‌కి మింగుడుపడలేదు. 1934 ఏప్రిల్‌లో ‘ప్రజా న్యాయస్థానం’ పేరుతో వేరే కోర్టే పెట్టించాడు. నీ రెండో బొమ్మ అక్కడ మొదలుపెట్టొచ్చు.

ఈసారి పోస్టులో పంపు. ఫోన్లో నాకు సన్నగీతలు కనపడటం లేదు.

తాతయ్య