టీమ్ ఒప్పుకున్నావుగా నాన్నా, శనివారం లోపు ఇది చదువు

నాన్నా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి, నువ్వు టెక్సస్‌లో మీ ఫ్రిస్కోలో చంటోడి సాకర్ టీముకి కోచ్‌గా పేరిచ్చావని చెప్పింది. భలే సంతోషమేసింది రా. ఆ వెనకే నీ మెసేజ్ చూశా, "పిన్నీ, నేను ఆడిందంతా క్రికెట్టే, ఈ ఫార్మేషన్లవీ నాకేం తెలుసు, టెన్షన్‌గా ఉంది" అని. 2008లో మీ పక్కూరు ప్లేనోలో మా పాప టీముకి కోచ్ దొరక్కపోతే టీమునే తీసేస్తామని మెయిల్ వచ్చినప్పుడు నేను చెయ్యెత్తాను, అప్పటికి నేను ఆడింది స్కూల్లో ఖోఖో మాత్రమే. తర్వాత మా బాబు టీము, ఆ తర్వాత కోచ్ దొరకని వేరే టీములు, అలా తొమ్మిదేళ్లు చేశా. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఫార్మేషన్లు, అంటే ఎవరు ఎక్కడ నిలబడాలన్న సంగతి మర్చిపో. అండర్-6లో, అంటే ఆరేళ్లలోపు పిల్లల ఆటలో, చాలా క్లబ్బుల్లో ఒక్కో వైపు నలుగురే ఆడతారు, గోల్ కీపర్ ఉండడు, ఆఫ్‌సైడ్ రూలు ఉండదు, గ్రౌండ్ పొడవు 25 నుంచి 35 గజాలు, ఎనిమిదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. బంతి ఎటు పోతే పిల్లలందరూ అటే, బెల్లం ముక్కకి చీమలు పట్టినట్టు. అది చూసి కంగారు పడి "విడిపోండి, నీ ప్లేసులో నువ్వుండు" అని అరవకు. ఆ వయసు పిల్లాడికి బంతి దొరికేదే ఆ గుంపులో దూరితే. వాణ్ణి తీసుకెళ్లి డిఫెన్స్ అని వెనక నిలబెట్టావనుకో, గడ్డి పీకుతూ నిలబడతాడు, ఇంకో రెండు వారాలకి రానని మొరాయిస్తాడు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి వాళ్లంతట వాళ్లే కొంచెం కొంచెంగా ఖాళీ చూసుకోవడం మొదలుపెడతారు.

నేను చేసిన తప్పు కూడా చెప్తా. మొదటి ప్రాక్టీసుకి రాత్రంతా వీడియోలు చూసి, కాగితం మీద బొమ్మలు గీసుకుని వెళ్లా. ఎనిమిది మందిని లైన్లో నిలబెట్టి, ఒక్క బంతి పెట్టి, వరసగా వచ్చి గోల్ కొట్టమన్నా. మధ్యమధ్యలో పాస్ అంటే ఏంటో వివరించా. పది నిమిషాలయ్యేసరికి లైన్లో ఆఖరున ఉన్న పిల్లాడు బూటు విప్పి అందులో మట్టి పోస్తున్నాడు, ఇద్దరు తోసుకుంటున్నారు, మా పాప నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఆట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగింది. ఇంటికొచ్చి లెక్కేసుకుంటే, ఆ పది నిమిషాల్లో ఒక్కొక్కళ్ల కాలికి బంతి తగిలింది మూడు సార్లో నాలుగు సార్లో. మిగతా టైమంతా నిలబడటం, నా మాటలు వినడం.

అందుకని మూడో నంబరు బంతి, అంటే చిన్న సైజుది, ప్రతి పిల్లాడికీ సొంతంగా ఒకటి ఉండాలి, ఇంటి నుంచి తెచ్చుకోమను. తెచ్చుకోని వాళ్ల కోసం నీ కారు డిక్కీలో రెండు ఎక్కువే పెట్టుకో. ఏ ఆట ఆడించినా మధ్యలో ఒకసారి ఆగి చూడు, ఎంతమంది కాళ్ల దగ్గర బంతి ఉంది, ఎంతమంది ఊరికే నిలబడ్డారు అని. నిలబడ్డవాళ్లు ఇద్దరి కంటే ఎక్కువ ఉంటే ఆ ఆట మార్చెయ్.

ఏం ఆడించాలంటావా, మనం చిన్నప్పుడు ఆడినవే. స్టాచ్యూ గుర్తుందిగా? అందరూ బంతి తన్నుకుంటూ ఎటు పడితే అటు తిరుగుతారు, నువ్వు "స్టాచ్యూ" అనగానే బంతి మీద అరికాలు పెట్టి కదలకుండా ఆగాలి. బంతిని ఆపడం అంతకంటే బాగా ఏ డ్రిల్లూ నేర్పదు. ఇంకోటి దొంగా పోలీస్. నాలుగు కోన్లతో ఇరవై అడుగులేసేంత చదరం పెట్టు, అందరికీ బంతులివ్వు, ఇద్దరు పోలీసులకి మాత్రం ఇవ్వకు. పోలీసులు వచ్చి మిగతావాళ్ల బంతుల్ని గీత బయటికి తన్నాలి. బంతి పోయినవాడు ఔట్ అని పక్కన కూర్చోబెట్టకు నాన్నా, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. ముందుగా ఔటయ్యేది ఎప్పుడూ అందరికంటే తక్కువ వచ్చినవాడే, ఆట ఎక్కువ కావాల్సిందీ వాడికే. బంతి తెచ్చుకుని, దాని మీద కుడికాలు ఎడమకాలు మార్చి మార్చి పదిసార్లు ఆనించి, మళ్లీ లోపలికి వచ్చెయ్యమను. నడుము దగ్గర రంగు బనియన్ తోకలా దోపుకుని ఒకళ్లది ఒకళ్లు లాక్కునే తోక పీకుడు ఆడించు, దానికి బంతి కూడా అక్కర్లేదు, తప్పించుకోవడం, ఠక్కున తిరగడం వస్తాయి. ప్రాక్టీసు మొదట్లోనూ చివర్లోనూ చిన్న మ్యాచ్ పెట్టు, ఆరుగురూ ఆరుగురూ అని కాదు, ముగ్గురూ ముగ్గురుగా రెండు మ్యాచులు పక్కపక్కన. అమెరికా సాకర్ ఫెడరేషన్ వాళ్లు కోచులకి నేర్పేది కూడా ఇదే, ఆట, మధ్యలో అభ్యాసం, మళ్లీ ఆట.

మొత్తం 45 నిమిషాలు చాలు. చెప్పాల్సింది అర నిమిషంలో చెప్పు, మోకాలి మీద కూర్చుని చెప్పు, ఎండ నీ మొహం మీద పడేలా కూర్చో. పిల్లల కళ్లల్లో ఎండ పడితే నువ్వు చెప్పేది ఒక్కటీ ఎక్కదు.

మ్యాచ్ రోజు ఎవరు ఏ క్వార్టర్ ఆడతారో ముందురాత్రే కాగితం మీద రాసుకో. నాలుగు క్వార్టర్లు, నలుగురేసి, మొత్తం పదహారు ఛాన్సులు. ఎనిమిది మంది వస్తే తలా రెండు. ఆరుగురే వస్తే నలుగురికి మూడేసి, ఇద్దరికి రెండేసి, ఆ ఇద్దరూ వారం వారం మారాలి. అక్కడికక్కడ ఆలోచిస్తే గెలవాలన్న ఆరాటంలో బాగా ఆడేవాణ్ణే లోపల ఉంచేస్తాం, నేనూ చేశా, ఒక తల్లి వచ్చి మెల్లగా "మా వాడు ఇవాళ ఒక్క క్వార్టరే ఆడాడండీ" అంటే నా దగ్గర సమాధానం లేదు. మీవాళ్లు ఐదు గోల్స్ ముందున్నారనుకో, అవతలి కోచ్‌ని ఇంకో పిల్లాణ్ణి దింపమను.

పేరెంట్స్ సంగతి. మన దగ్గర్లోని ఆర్లింగ్టన్‌కి 2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మ్యాచులు 9 వచ్చాయన్నప్పటి నుంచి మనవాళ్లలో కూడా నాన్నలందరూ ఫుట్‌బాల్ పండితులైపోయారు. సైడ్‌లైన్ నుంచి "కొట్టు, కొట్టు", "ఇటు రా, అటు పో" అని నలుగురు నాలుగు రకాలుగా అరిస్తే పిల్లాడు బంతి వదిలేసి వాళ్ల నాన్న వైపు చూస్తాడు. సీజన్ మొదట్లోనే ఒక మెయిల్ పెట్టు, చప్పట్లు కొట్టండి, పేరు పెట్టి మెచ్చుకోండి, ఎటు తన్నాలో మాత్రం చెప్పకండి అని. మొహమాటపడకు.

నీకూ అదే వర్తిస్తుంది, ముఖ్యంగా చంటోడి విషయంలో. కోచ్ కొడుకు కదాని నలుగురిలో వాణ్ణే ఎక్కువ కేకలేస్తాం. ఒకసారి మా బాబు ఖాళీ గోల్ ముందు బంతి తప్పిస్తే నేను గ్రౌండంతా వినపడేలా అరిచా. ఆ రోజు కార్లో వాడు ముంగాళ్లకి కట్టుకునే షిన్ గార్డులు విప్పి ఒళ్లో పెట్టుకుని, వాటి మీదున్న వెల్‌క్రో తీస్తూ అంటిస్తూ ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది రా. కార్లో ఆట గురించి నువ్వు ఎత్తకు, వాడు ఎత్తితే విను.

మీ తాతగారు సికింద్రాబాద్‌లో ఫుట్‌బాల్ మ్యాచులు చూస్తూ పెరిగిన మనిషి, రహీం సాబ్ గురించి కథలు కథలుగా చెప్పేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి స్కూలు టీచరు. 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకాలు తెచ్చిన కోచ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. అమ్ముగూడ నుంచి రావడానికి డబ్బుల్లేని తులసీదాస్ బలరాంకి సైకిల్ అద్దె ఆయనే ఇచ్చేవారట. నా టీములో ఒక పాప వారం విడిచి వారం మానేసేది. వాళ్లమ్మకి రాత్రి డ్యూటీలు, పొద్దున్నే డ్రైవ్ చేసే ఓపిక ఉండేది కాదు. మా నాన్న చెప్పిన ఆ సైకిల్ కథ గుర్తొచ్చి నేనే వెళ్లి ఎక్కించుకొచ్చేదాన్ని. నీ టీములో కూడా అలాంటి వాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కో, పిల్లాడికి ఇష్టం లేదని ముందే అనుకోకు.

ఇక జాగ్రత్తలు, తొందరగా చెప్పేస్తా. పదేళ్లు, అంతకంటే చిన్న పిల్లలు తలతో బంతి కొట్టకూడదని 2016 నుంచి ఇక్కడ రూలు, ప్రాక్టీసులో కూడా వద్దు. షిన్ గార్డులు సాక్సు లోపల ఉండాలి. చెవి కమ్మలు, గాజులు, గొలుసులు తీసెయ్యాలి, టేపు అంటిస్తే ఒప్పుకోరు. మన వాళ్లలో కొత్తగా చెవులు కుట్టించిన పాప ఉంటే ఆ కమ్మలు తీయలేరు, అందుకే సీజన్‌కి ముందే వాళ్లమ్మకి చెప్పు. ఇలాగే ఒక పాపని రిఫరీ పక్కన నిలబెట్టేస్తే నేను ముందుగా చెప్పకపోవడం వల్లే అది వెక్కి వెక్కి ఏడ్చింది. ఉరుము వినపడితే అందరూ కార్లలోకి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. సెప్టెంబరు ఎండకి పది నిమిషాలకోసారి నీళ్లు. గోల్ పోస్టుల్ని నేలకి బిగించారో లేదో నీ చేత్తో కదిపి చూసుకో, దాన్ని పట్టుకుని వేలాడనివ్వకు. క్లబ్బు వాళ్లు బ్యాక్‌గ్రౌండ్ చెక్, కంకషన్ (తలకి దెబ్బ తగలడం) గురించిన ట్రైనింగ్ అడుగుతారు, ఈ రాత్రికే పూర్తి చేసెయ్.

కోన్లు, రంగు బనియన్లు కొనకు, మా గరాజ్‌లో రెండు సంచులున్నాయి. శనివారం ఎనిమిదిన్నరకల్లా నేనూ వస్తా, నారింజలు కోసి తెస్తాను. లేసులు ఊడినవాళ్లకి నేను కడతా, నువ్వు ఆట మీద ఉండు.

ప్రేమతో,
పిన్ని