న్యూస్ సైట్ వాళ్లు మన కామెంట్ తీసేస్తే నోరు నొక్కినట్టేనా? ఆ పని చేసినవాడిగా నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీ ఊరి రోడ్డు పనుల మీద వచ్చిన వార్త కింద మీరు కామెంట్ పెడితే ఆ న్యూస్ సైట్ మూడుసార్లు తీసేసింది, ఎందుకో చెప్పలేదు, ఇది భావ ప్రకటనా స్వేచ్ఛను కాలరాయడం కాదా అని. ఇప్పటికే వచ్చిన జవాబుల్లో కొందరు "సైట్ వాళ్లది, ఇష్టం వాళ్లది" అని తేల్చేశారు, ఇంకొందరు మీడియా మొత్తం అమ్ముడుపోయిందన్నారు. రెండూ తొందరపాటు మాటలే. నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు న్యూస్ సైట్ డెస్కులో రెండున్నరేళ్లు పనిచేశాను. ఎక్కువగా నైట్ షిఫ్టులే. వార్తలు అప్‌లోడ్ చేయడంతో పాటు వాటి కింద వచ్చే కామెంట్లు చదివి, ఉంచాలో తీసేయాలో తేల్చడం కూడా నా పనే. తీసేయాల్సినవి తీశాను, తీయకూడనివీ తీశాను. ఆ రెండో రకం గురించి చెప్పాలనే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. రాజ్యాంగంలోని 19(1)(ఎ) హక్కు ప్రధానంగా ప్రభుత్వం మన నోరు మూయించకుండా కాపాడేది. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు 19 (స్వేచ్ఛలు), 21 (జీవించే హక్కు) అధికరణాల హక్కులను ప్రభుత్వేతరుల మీద కూడా అమలు చేయవచ్చని చెప్పింది గానీ, న్యూస్ సైట్ తనకొచ్చిన ప్రతి కామెంటూ ఉంచి తీరాలని దాని అర్థం కాదు. కాబట్టి కోర్టుకెళ్తే గెలవడం నా ఉద్దేశంలో కష్టం. కానీ తీసేసే హక్కు ఉండటం వేరు, తీసేయడం న్యాయం కావడం వేరు. మీ బాధ రెండోదాని గురించే అనుకుంటున్నాను.

మా పరిశీలన కోసం కామెంట్లు వచ్చి చేరే క్యూ ఎలా ఉంటుందో చెబితే సగం విషయం మీకే అర్థమవుతుంది. మా దగ్గర స్క్రీన్‌కి ఎడమపక్కన పేరు, మధ్యలో కామెంట్, కుడిపక్కన రెండు బటన్లు, ఒకటి ఆకుపచ్చ, ఇంకోటి ఎరుపు. కామెంట్ ఒక్కటే కనిపిస్తుంది. అది ఏ వార్త కింద, ఎవరికి జవాబుగా వచ్చిందో తెలియాలంటే ఇంకో క్లిక్ కొట్టి తెరవాలి, రద్దీ రోజున ఆ క్లిక్ కొట్టే తీరిక ఉండదు. 2024 జూన్ 4, ఆంధ్రప్రదేశ్ ఎన్నికల ఫలితాల రోజు, నేను సాయంత్రం కూర్చుంటే తెల్లారేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఒకే నాలుగు లైన్లు అక్షరం పొల్లు పోకుండా పదుల కొద్దీ పేర్లతో వస్తున్నాయి. మనకు నచ్చని పార్టీ గురించి నాలుగు మంచి మాటలు రాసినవాడల్లా "పేటీఎం బ్యాచ్", నచ్చని వార్త వేసిన ప్రతి సైటూ "పచ్చ మీడియా" లేదా "బులుగు మీడియా". ఓడినవాళ్ల ఇంటి ఆడవాళ్ల మీద రాసినవైతే ఇక్కడ చెప్పలేను. ఆ రాత్రి నేను ఎరుపు బటన్ నొక్కినన్నిసార్లు ఇంకెప్పుడూ నొక్కలేదు, వాటిలో చాలావాటి గురించి ఇప్పటికీ నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు.

ఇక ఫిల్టర్. బూతు మాటల జాబితా ఒకటి పెట్టుకుని, అందులోని మాట ఉంటే కామెంట్‌ని దానంతట అదే ఆపేసేది. తెలుగులో దీంతో వచ్చే చిక్కు మామూలుది కాదు. తిట్టేవాడు తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తాడు, మధ్యలో చుక్క పెడతాడు, ఒక అక్షరం బదులు స్టార్ పెడతాడు, హాయిగా దాటిపోతాడు. దొరికిపోయేది మామూలు మనిషి. మా జాబితాలో కులాల పేర్లు కూడా చేర్చారు, కులం పేరుతో తిట్లు ఆపాలన్నదే ఉద్దేశం, మంచిదే. ఫలితం మాత్రం ఇలా ఉంది: కార్తీక మాసం రాగానే "ఈసారి అయ్యప్ప మాల వేసుకున్నాను" అని రాసినవాళ్ల కామెంట్లు ఆగిపోయేవి. అది తర్వాత దిద్దుకోగలిగే తప్పు. నన్ను నిజంగా కలచివేసింది 2024 ఆగస్టు 1. ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6–1తో తీర్పు ఇచ్చిన రోజు. మాల, మాదిగ అనే పేర్లు రాయకుండా ఆ తీర్పు గురించి ఒక్క వాక్యం మాట్లాడగలమా? దశాబ్దాలుగా ఆ ఉద్యమాన్ని నడిపినవాళ్లు, దాన్ని వ్యతిరేకించినవాళ్లు, ఇద్దరి కామెంట్లూ ఫిల్టర్‌లో ఇరుక్కుపోయాయి. ఆ వార్త కింద స్వేచ్ఛగా మాట్లాడగలిగింది ఆ తీర్పుతో ఏ సంబంధమూ లేనివాళ్లు మాత్రమే. రాత్రి నేను వచ్చి ఒక్కొక్కటే చదివి విడుదల చేసేసరికి వార్త మొదటి పేజీ నుంచి దిగిపోయింది. ఎవరూ కావాలని నొక్కేయలేదు, అయినా ఆ రోజు వాళ్ల నోరు నొక్కేసినట్టే అయింది.

నా చేత్తో నేనే చేసిన తప్పు ఒకటి చెబుతాను. సాగర్ కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లందాయని అధికారులు చెప్పిన వార్త ఒకటి వేశాం. దాని కింద ఒకాయన కామెంట్, ఎక్కడా కామా ఫుల్‌స్టాప్ లేకుండా: మా మేజరు (పిల్లకాలువ) మీద తూము షట్టర్ విరిగి నెలయింది, లష్కర్ (కాలువ కాపలాదారు) లేడు, పైనోళ్లు రాత్రిపూట మోటార్లు పెడుతున్నారు, మాకు చుక్క రాలేదు, వచ్చి చూడమంటే ఆ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) రాడు. చివర్లో ఆ ఏఈని అమ్మ పేరుతో ఒక తిట్టు. నేను ఆ తిట్టు చూశాను, ఎరుపు నొక్కాను, పట్టుమని ఐదు సెకన్లు పట్టి ఉండదు. నాలుగు రోజుల తర్వాత ఆ ప్రాంతం నుంచి మా కంట్రిబ్యూటర్ పంపిన వార్తలో అదే తూము, అదే విరిగిన షట్టర్, ఎండిన నారుమళ్ల ఫొటోలతో సహా. డిలీట్ అయినవి ఉండే ఫోల్డర్‌లోకి వెళ్లి వెతికితే ఆయన కామెంట్ అక్కడ ఉంది, మొదటిది తీసేశాక ఇంకా రెండుసార్లు పెట్టాడని కూడా అప్పుడే తెలిసింది. రెండోసారి పెట్టినదాంట్లో తిట్టు లేదు. అయినా అదే పేరు చూసి ఎవరో తీసేశారు, ఆ ఎవరో నేను కూడా అయ్యుండొచ్చు. ఆ వార్త మొత్తానికి మాకు దొరికిన కొత్త సమాచారం ఆ మనిషి ఇచ్చిందొక్కటే, మిగతా కామెంట్లన్నీ రెండు పార్టీల వాళ్ల తిట్ల పురాణమే.

ఆ తర్వాత మా డెస్క్ ఇన్‌ఛార్జితో వాదించి ఒక పద్ధతి పెట్టించుకున్నాను. విషయం ఉండి ఒక్క మాట దగ్గర తేడా వచ్చిన కామెంట్‌ని తీసేయకుండా, "ఫలానా మాట తీసి మళ్లీ పంపండి, వేస్తాం" అని రాసినవాళ్లకు మెయిల్ పంపడం. మేమే ఆ మాట కొట్టేసి వేసేయవచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఒకరి మాట దిద్ది వాళ్ల పేరు కింద వేయడం నాకు తప్పనిపించింది, ఇప్పటికీ అదే అనిపిస్తుంది. మెయిల్ పంపిన ప్రతివాళ్లూ తిరిగి రాయలేదు. కానీ రాసినవాళ్లు చాలా శ్రద్ధగా రాసేవారు, కొందరైతే ఫొటోలు కూడా పంపారు.

అలాగని ఏదీ తీయొద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. ఒక అమ్మాయి చనిపోయిన వార్త కింద ఆమె బట్టల గురించి, ఎవరితో తిరిగిందన్నదాని గురించి రాసిన కామెంట్లు ఒక రాత్రంతా అలాగే ఉండిపోయాయి, నా సెలవు రోజు. పొద్దున్నే ఆ అమ్మాయి అక్క ఆఫీసుకి ఫోన్ చేసింది. అరవలేదు, తిట్టలేదు. "మా అమ్మ ఫోన్‌లో అదే తెరిచి చదువుతోందండీ, తీసేయరూ" అంది. ఆ గొంతు నేను మర్చిపోలేను. ఇంకోటి కూడా గమనించాను, ఆడవాళ్ల మీద వచ్చే వార్తల కింద మొదటి పది ఇరవై కామెంట్లలో ఆడపేర్లు కనిపిస్తాయి, తిట్లు మొదలయ్యాక ఒక్కటీ ఉండదు. మనకొక్కరికే కాదు, బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక 2016లో తమ సైట్‌లోని 7 కోట్ల కామెంట్లను విశ్లేషిస్తే, అత్యధికంగా వేధింపులకు గురైన పదిమంది రచయితల్లో ఎనిమిది మంది ఆడవాళ్లు, మిగతా ఇద్దరూ నల్లజాతి మగవాళ్లు అని తేలింది. ఒకడి బూతు వల్ల పదిమంది మాట్లాడటం మానేస్తే, అక్కడ స్వేచ్ఛ పెరిగిందని ఎలా అంటాం?

మరి గీత ఎక్కడ గీయాలి? నాకు దారి చూపింది 2015 మార్చి 24 నాటి శ్రేయా సింఘాల్ తీర్పు. 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబయి బంద్‌ని ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసినందుకు పాల్‌ఘర్‌లో ఒక అమ్మాయిని, దానికి లైక్ కొట్టినందుకు ఇంకో అమ్మాయిని అరెస్టు చేశారు, గుర్తుందా? ఆ నేపథ్యంలో వెళ్లిన కేసులోనే ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలుకు పంపే ఐటీ చట్టంలోని 66-ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ధర్మాసనంలో ఇద్దరు, మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్. ఆ తీర్పులో మాటను మూడు మెట్లుగా చూశారు: చర్చించడం, ఒక వాదాన్ని సమర్థించడం, ఉసిగొల్పడం. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా వాటికి రక్షణ ఉంది, మూడో మెట్టు ఎక్కితేనే ఆంక్షల ప్రసక్తి. అది ప్రభుత్వానికి చెప్పిన మాటే గానీ నేను ఆ మూడు మాటలూ కాగితం మీద రాసి మానిటర్ కింద అంటించుకున్నాను. దానికి నా సొంతంగా ఇంకోటి చేర్చుకున్నాను: అధికారంలో ఉన్నవాళ్లను అన్నమాట అయితే రెండుసార్లు చదువు, ఏ అధికారమూ లేని మనిషిని అన్నమాట అయితే ఒక్కసారి చాలు.

ఇక అసలైన నోరు నొక్కడం ఎలా ఉంటుందో చెబుతాను. ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ ప్రీలాంచ్ వెంచర్ గురించి డబ్బు తీసుకుని వేసిన ప్రచార వ్యాసం మా సైట్‌లో ఉంది. దాని కింద వరసగా కామెంట్లు, "డబ్బు కట్టి రెండేళ్లయింది, పునాది కూడా తీయలేదు", "ఆఫీసుకి పోతే తాళం ఉంది", "ఇంకెవరైనా ఉంటే చెప్పండి, అందరం కలిసి వెళ్దాం". ఒక్క బూతు మాట లేదు. యాడ్స్ చూసే విభాగం నుంచి పదింటికి ఫోన్ వచ్చింది, అన్నీ తీసేసి కామెంట్లు మూసేయమని. తీసేశాను. కొత్తగా చేరాను, ఇంటి అద్దె కట్టాలి, ఇవన్నీ నిజమే గానీ అవి కారణాలే తప్ప సమర్థన కాదు. ఆ వ్యాసం చదివి ఆ తర్వాత ఎవరైనా డబ్బు కట్టారేమో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు. మా నియమాల పేజీలో బూతులు, ద్వేషం, పరువు నష్టం అని ఎన్నో కారణాలు రాసి ఉన్నాయి, ఆ రాత్రి నేను తీసేసిన కామెంట్లకు వాటిలో ఒక్కటీ వర్తించదు. కారణం చెప్పకుండా తీసేసే వీలు ఉన్నంతకాలం బూతునీ నిజాన్నీ ఒకే బటన్‌తో తీసేయవచ్చు, బయటివాళ్లకు తేడా తెలియదు. నా అభ్యంతరం అంతా దీని మీదే.

సైట్ల యజమానులకు భయాలు లేవని కాదు. ఎస్టోనియాలో డెల్ఫీ అనే న్యూస్ పోర్టల్ 2006లో ఒక ఫెర్రీ కంపెనీ మీద వేసిన వార్త కింద బెదిరింపు కామెంట్లు వచ్చాయి, నోటీసు అందిన రోజే తీసేసినా అప్పటికి ఆరు వారాలు గడిచాయి, అక్కడి కోర్టులు ఆ పోర్టల్‌ని బాధ్యురాలిని చేశాయి, 2015లో యూరప్ మానవ హక్కుల కోర్టు కూడా అది తప్పు కాదంది. పరిహారం 320 యూరోలే, కానీ దాని భయం ప్రపంచమంతా పాకింది. అమెరికాలో ఎన్‌పీఆర్ రేడియో 2016లో తన సైట్‌లో కామెంట్లే ఎత్తేసింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. నార్వే ప్రభుత్వ ప్రసార సంస్థకు చెందిన ఎన్‌ఆర్‌కే బీటా 2017లో చేసిన పని నాకు నచ్చింది, కామెంట్ పెట్టేముందు ఆ వార్త మీదే చిన్న ప్రశ్నలు అడిగి, చదివినవాళ్లనే రాయనివ్వడం. మన దగ్గర హెడ్డింగ్ చూసి తిట్టేవాళ్లు ఎంతమందో తలుచుకుంటే ఇది తెలుగు సైట్లకు ఇంకా ఎక్కువ అవసరం.

మీ కామెంట్ సంగతికి వస్తే, మీరు దాని స్క్రీన్‌షాట్ పెట్టలేదు కాబట్టి వాళ్లు చేసింది తప్పో ఒప్పో నేను చెప్పలేను. కాంట్రాక్టర్‌ని "దొంగ" అని రాసి ఉంటే ఆ మాట తీసేయండి, పరువు నష్టం భయంతో డెస్కులో ఎవరైనా అది తీస్తారు. దాని బదులు రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎప్పుడు వేశారు, ఏ వానకు ఎక్కడ లేచిపోయింది అన్నది రాసి మళ్లీ పెట్టండి. అప్పుడూ తీసేస్తే ఊరుకోవద్దు. 2021లో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి సైట్లు ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైట్‌లోనే పెట్టాలి. సాధారణంగా పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, నిబంధనల్లోని గడువులోపు తేల్చాలి. మెయిల్‌లో కామెంట్ పూర్తి పాఠం, పెట్టిన తేదీ, టైము, తీసేసిన స్క్రీన్‌షాట్లు జతచేసి ఒకే ఒక్క ప్రశ్న అడగండి, మీ నియమాల్లో ఏదాన్ని నేను దాటాను అని. మా ఆఫీసుకు అలాంటి మెయిల్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ కామెంట్‌ని మళ్లీ తెరిచి, ఈసారి వార్తతో కలిపి, మొత్తం చదివేవారు.